నేల కోలుకోవడానికి ఏళ్లు – కౌలుకు పదకొండు నెలలు

మా అమ్మ వ్యవసాయ కూలీ. మాది నల్లమల అంచున ఉన్న మెట్ట ఊరు. తొలకరి పడి మిరపనార్లు పోసే రోజులొస్తే ఆమెకు ఒక పని తప్పకుండా ఉండేది. తెల్లారకముందే నలుగురు ఆడకూలీలతో కలిసి అడవి మొదలుకు పోవాలి. చెట్ల కింద పైనున్న ఎండుటాకును చేత్తో పక్కకు నెట్టి, దాని అడుగున ఉన్న నల్లటి మన్ను గంపకెత్తుకోవాలి. మూడు మైళ్లు నెత్తిన మోసుకొచ్చి ఆసామి నారుమడిలో పోయాలి. కూలి రోజు లెక్క కాదు, గంపల లెక్క.

ఆ మన్ను పోసిన మడిలో నారు చిక్కగా, ముదురుపచ్చగా లేచేది. పోయని మడిలో నారుకుళ్లు తగిలి మొదళ్లు మెత్తబడి పిలకలు పడిపోయేవి. "ఆ మన్నులో ఏముందమ్మా?" అని అడిగితే "అడవి తల్లి చలవరా" అనేది. అంతకుమించి ఆమెకు చెప్పినవాళ్లు లేరు. నాకూ బడిలో ఎవరూ చెప్పలేదు. ఏడో తరగతితోనే నా చదువు ఆగింది. సంఘం ఆఫీసులో దొరికిన సైన్సు పుస్తకాలు, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల చిన్న పుస్తకాలు కూడబలుక్కుని చదివి, ఆ చలవ ఏమిటో తెలుసుకునేసరికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు ఎత్తుకున్నానంటే, ఆ మన్నులో ఉండే జీవాలనే సీసాల్లో పోసి మన కౌలు రైతులకు అమ్ముతున్నారు. అదే మన్ను ఒక గంప తెచ్చుకున్న ఆడమనిషిని మాత్రం దొంగలా నిలబెట్టి అడుగుతున్నారు. ఈ రెండింటి మధ్య మనం ఎక్కడున్నామో చూసుకోవాలి.

ఆకు కింద జరిగే పని

నల్లమలలో మద్ది, చిరుమాను, తునికి, ఇప్ప, టేకు – ఇవన్నీ మాఘం నుంచి చైత్రం దాకా ఆకు రాలుస్తాయి. ఇలాంటి ఆకు రాల్చే అడవిలో ఎకరానికి ఏడాదికి సుమారు రెండు టన్నుల ఎండు చెత్త నేల మీద పడుతుంది. మళ్లీ ఏడాది తిరిగేసరికి అందులో చాలా భాగం కనపడదు. ఎక్కడికి పోయింది?

చెట్టు కింద కూర్చుని ఆ చెత్తను పొరలు పొరలుగా విప్పి చూడండి. పైన ఎండుటాకు చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని కింద సగం చివికిన ఆకు, దాని మీద తెల్లటి దారాలు. అవి బూజు, అంటే శిలీంధ్రాలు. ఆకు ఈనెల్లో ఉండే గట్టి పదార్థాన్ని కరిగించే మొదటి పని ఎక్కువగా వాటిదే. చెదలు, రోకలిబండలు, వానపాములు ఆకును కొరికి ముక్కలు చేస్తాయి. ఇంకా కిందికి పోతే పొడిపొడిగా నల్లటి మన్ను. అక్కడ ఉన్నది బాక్టీరియా రాజ్యం. కంటికి కనపడవు గానీ, మంచి మన్ను ఒక్క గ్రాములో అవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. తొలకరి చినుకు పడగానే కమ్మటి మట్టివాసన వస్తుంది చూడండి, అది చాలావరకు స్ట్రెప్టోమైసిస్ వంటి బాక్టీరియా తయారుచేసిన పదార్థం వాసనే.

ఈ జీవాలు చెట్టు మీద ప్రేమతో పనిచేయవు. వాటి ఆకలికి అవి తింటాయి. తిన్న నత్రజనిని ఒంట్లో పెట్టుకుంటాయి. అవి చచ్చినప్పుడు, లేదా వాటికంటే కాస్త పెద్ద జీవాలు వాటిని తిన్నప్పుడు, ఆ నత్రజని అమ్మోనియాగా బయటికి వస్తుంది. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. వేరు పీల్చుకునేది ఎక్కువగా దాన్నే. ఈ మార్పు చేసే బాక్టీరియాను రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపించాడు. అంతకు ముందు వేల ఏళ్లుగా అడవి దున్నకం లేకుండా, ఎరువు బస్తా లేకుండా ఈ పని మీదే బతికింది.

మొక్కకు ఒరిగేదేమిటి?

మొదటిది, తిండి. కుళ్లిన ఆకు నుంచి నత్రజని, పొటాష్, సున్నం, ఇతర సూక్ష్మ పోషకాలు కొద్దికొద్దిగా వేరుకు అందుతాయి. ఇవికాక, గాలిలో నూటికి 78 పాళ్లు ఉన్న నత్రజనిని పట్టి నేలలో కలిపే బాక్టీరియా కూడా ఉన్నాయి. కానుగ, పెసర, కంది వంటి వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం అలాంటిదే. దాన్ని 1888లో హాలెండు శాస్త్రవేత్త బైయరింక్ వేరుచేశాడు. ఏ మొక్కతోనూ జత కట్టకుండా నేలలో విడిగా బతికే అజటోబాక్టర్‌ను 1901లో గుర్తించిందీ ఆయనే.

రెండవది, భాస్వరం. మన నేలల్లో భాస్వరం ఉన్నా చాలావరకు గట్టిగా బిగుసుకుపోయి ఉంటుంది. సూపరు, డీఏపీ వేసినా అందులో పెద్ద భాగం అలాగే బిగుసుకుంటుంది. కొన్ని బాసిల్లస్, సూడోమోనాస్ జాతులు పుల్లటి ఆమ్లాలు వదిలి దాన్ని కరిగిస్తాయి.

మూడవది, వేరు. కొన్ని బాక్టీరియా ఆక్సిన్ అనే పెరుగుదల పదార్థాన్ని తయారుచేస్తాయి. దాంతో వేరుకు పక్కవేళ్లు, నూగువేళ్లు ఎక్కువ పుడతాయి. వేరు ఎంత పారితే మొక్క అంత నీరు తాగుతుంది. మా అమ్మ తెచ్చిన మన్నులో పెరిగిన నారు పీకితే వేళ్లు మన్నును పట్టుకుని వచ్చేవి. దానికి ఇదీ ఒక కారణం.

నాలుగవది, కాపలా. కొన్ని జీవాలు తెగులు శిలీంధ్రానికి ఇనుము దక్కకుండా ముందే తామే పట్టేస్తాయి. కొన్ని దాన్ని చంపే మందునే తయారుచేస్తాయి. నారుకుళ్లు తగ్గడం వెనక ఉన్న సంగతి ఇదే.

ఆ మందుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. క్షయరోగానికి మొదటగా పనిచేసిన స్ట్రెప్టోమైసిన్ మందు ఇలాంటి మన్ను బాక్టీరియా నుంచి వచ్చిందే. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ షాట్జ్ అనే కుర్రవాడు దాన్ని కనుక్కున్నాడు. రైతు బిడ్డ, నెలకు నలభై డాలర్ల బత్తెం మీద భవనం అడుగున నేలమాళిగలో రాత్రింబగళ్లు పనిచేశాడు. పేరు, పేటెంటు డబ్బు ఆయన పైనున్న ప్రొఫెసరు వాక్స్‌మన్‌కు పోయాయి. షాట్జ్ 1950లో కోర్టుకెక్కితే గానీ ఆయన్ను సహ ఆవిష్కర్తగా ఒప్పుకోలేదు. అయినా 1952 నోబెల్ బహుమతి వాక్స్‌మన్ ఒక్కడికే ఇచ్చారు. చెమట ఒకడిది, పేరు ఒకడిది కావడం పొలంలోనే కాదు, ప్రయోగశాలలోనూ ఉంది.

మాయమంత్రం కాదు

ఇంత చెప్పానని రేపటి నుంచి ఎరువు బస్తా మానేసి ఆకు చల్లితే చాలనుకోవద్దు. లెక్క చూద్దాం. రెండు టన్నుల ఎండుటాకులో నూటికి ఒక పాలు నత్రజని అనుకుంటే అది ఇరవై కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేదీ ఇరవై కిలోల పైచిలుకే. అంటే ఎకరం అడవి ఏడాదికి రాల్చే ఆకులోని నత్రజని ఒక్క యూరియా బస్తాకు సమానం. అడవికి అది సరిపోతోంది, ఎందుకంటే అడవి పంటను లారీకెత్తి బజారుకు పంపదు. రాలింది అక్కడే కుళ్లుతుంది, కుళ్లింది అక్కడే మొలుస్తుంది. మన మిరపకు నీటి కింద ఎకరాకు 120 కిలోల నత్రజని సిఫారసు చేస్తారు. ఆకుతోనే సరిపెట్టాలంటే ఒక ఎకరం మిరపకు ఆరెకరాల అడవి ఊడ్వాలి. అలా ఊడిస్తే మిరప మిగలదు, అడవీ మిగలదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎండుటాకును పచ్చిగానే దున్నేస్తే పైరు పచ్చబడడం మాని పసుపెక్కుతుంది. ఎండుటాకులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని తినడానికి దిగిన బాక్టీరియాకు ఆకులో ఉన్న నత్రజని చాలక, నేలలో ఉన్నది కూడా లాక్కుంటాయి. పైరు పస్తు పడుకుంటుంది. అందుకే ముందు కుళ్లబెట్టాలి, తర్వాతే పొలానికెత్తాలి.

మరి ఉపయోగం ఎక్కడ? నారుమడిలో ఉంది. బాగా కుళ్లిన ఎరువుగా నేలను గుల్లచేసి, తేమ నిలిపి, వేసిన ఎరువు వృథా కాకుండా చూడడంలో ఉంది. ఈ మేలు ఒక్క పంటతో కనపడదు, మూడు నాలుగేళ్లు వరసగా వేస్తే కనపడుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

సీసాలో ఏముంది?

మొన్న ఖరీఫ్‌లో మా పక్క ఊరి కౌలు రైతు ఒక సీసా తెచ్చి చూపించాడు. ఎరువుల షాపులో అప్పు మీద యూరియా ఇచ్చినందుకు ఇది కూడా తీసుకోవాలన్నారట. "అడవిలోని మేలైన బాక్టీరియా" అని దాని మీద రాసి ఉంది. ఏ జాతి బాక్టీరియా, ఒక మిల్లీలీటరుకు ఎన్ని, ఎప్పటిలోగా వాడాలి – ఏమీ లేదు. రేకుల షెడ్డులో, ఎండాకాలమంతా ఉన్న సరుకు.

జీవన ఎరువులన్నీ మోసమని నేను అనను. సరైన రైజోబియం కంది విత్తనానికి పట్టిస్తే పనిచేస్తుంది. కానీ బతికున్న జీవి ఉంటేనే అది ఎరువు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి జీవన ఎరువులను 2006లో తెచ్చారు. రైజోబియం, అజటోబాక్టర్ వంటివి పొడి రకమైతే గ్రాముకు ఐదు కోట్లు, ద్రవమైతే మిల్లీలీటరుకు పది కోట్లు బతికున్న కణాలు ఉండాలని అందులో ఉంది. ఆ సంఖ్య, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని సీసా కొనకండి. యూరియా కావాలంటే ఇది కొనాల్సిందే అని మెడకు కట్టే షాపువాణ్ణి ఒక్కరుగా అడగొద్దు, పదిమంది కలిసి అడగండి. వ్యవసాయాధికారికి కాగితం రాసి ఇవ్వండి.

ఒకవేళ అసలు సరుకే దొరికినా, జీవాంశం లేని ఎండు నేలలో పోస్తే ఆ బాక్టీరియాలో చాలావరకు చస్తాయి. కూలీని పనికి పిలిచి అంబలి పోయకపోతే ఎంతసేపు పనిచేస్తాడు? ఇవీ అంతే.

నిప్పు పెట్టొద్దు

తునికాకు చిగురు బాగా రావాలని, ఇప్పపువ్వు నేల మీద కనపడాలని, జీవాలకు గడ్డి మొలవాలని వేసవిలో అడవికి నిప్పు పెట్టే అలవాటు ఉంది. దీన్ని గురించి మనలో మనం దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. ఆకు కాలితే అందులోని నత్రజనిలో ఎక్కువ భాగం పొగగా పోతుంది. బూడిదలో పొటాష్, సున్నం, కొంత భాస్వరం మిగులుతాయి. ఏటవాలు నేలల్లో మొదటి వానకే అదీ కొట్టుకుపోతుంది. పైపొరలోని బాక్టీరియా, బూజు మాడిపోతాయి. ఇప్పచెట్టు కింద మాత్రం ఊడ్చుకోవచ్చు, అడవంతా తగలబడనక్కరలేదు. అయితే నిప్పు పెట్టేది పేదవాళ్లే అన్న మాట కూడా నిజం కాదు. తునికాకు కాంట్రాక్టులో త్వరగా ఆకు కావాలని తొందరపెట్టేవాడి చేతికి మసి అంటదు, అంతే.

ఆకు ఎవరిది?

ఇక అసలు సంగతికి వద్దాం. రాలిన ఆకు ఎవరిది అన్న ప్రశ్న మన దేశంలోనే పుట్టింది కాదు. జర్మనీలో రైన్ రాష్ట్ర చట్టసభ, అడవిలో రాలిన ఎండుపుల్ల ఏరుకోవడాన్ని కూడా దొంగతనం కింద జమకట్టాలని చర్చించింది. 1842లో మార్క్స్ దాని మీద పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు. అప్పటికి ఆయన వయసు ఇరవైనాలుగు. రైతుకూలీల బతుకు సమస్య మీద ఆయన కలం తిరగడం రాలిన పుల్ల దగ్గరే మొదలైందని చెప్పొచ్చు.

అదే జర్మనీలో పేద రైతులు పశువుల కొట్టంలో పరవడానికి అడవి ఆకును తరతరాలుగా ఊడ్చుకుపోయారు. దానివల్ల అడవి నేల నీరసించిందని 1876లో బవేరియాకు చెందిన ఎబర్‌మేయర్ లెక్కలతో పుస్తకం రాశాడు. ఆయన లెక్క తప్పు కాదు. కానీ గడ్డి పండించుకోడానికి సొంత చేను లేకనే వాళ్లు ఆకు ఊడ్చారన్నదీ అంతే నిజం. ఆకు తీయొద్దని చెప్పడం తేలిక, చేను ఇవ్వడమే కష్టం.

మన పక్క రాష్ట్రం కర్ణాటక చూడండి. ఉత్తర కన్నడ జిల్లాలో తెల్లదొరల కాలం నుంచే పోకతోట ఉన్నవాళ్లకు, ఎకరం తోటకు తొమ్మిది ఎకరాల దాకా అడవిని ఆకు ఎరువు కోసం కేటాయించారు. వాటిని సొప్పిన బెట్టలు అంటారు. ఇందాక మిరపకు ఆరెకరాలని మనం వేసిన లెక్క ఆ తోటల వాళ్లకు అప్పుడే తెలుసన్న మాట. ఆ హక్కు వచ్చింది తోట ఉన్నవాడికి. ఆకు కోసి గంపకెత్తిన కూలీకి కాదు.

మన చట్టం ఏమంటోంది? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం కలప కాని అటవీ ఫలసాయం మీద అడవిలో బతికే గిరిజనులకు యాజమాన్య హక్కు ఉంది. ఆ చట్టంలోని నిర్వచనం చెట్టూచేమల నుంచి వచ్చే కలపేతర సరుకు అంతటినీ కలుపుకుంటుంది. మాలాంటి అంచు ఊళ్ల దళిత కూలీలు మాత్రం మూడు తరాలు, అంటే డెబ్బై అయిదేళ్లు, అడవి మీద ఆధారపడ్డామని రుజువు చూపాలి. మా అమ్మ గంప మోసిన దారికి రుజువు కాగితం ఎక్కడి నుంచి తేవాలి? ఆసామి నారుమడికి మన్ను మోసినన్నాళ్లు ఆమెను ఎవరూ ఆపలేదు. తన ఇంటి పెరట్లో నాలుగు వంగమొక్కలకని తెచ్చుకున్న రోజున గార్డు గంప కింద పెట్టించాడు.

నేలను బాగుచేసిందెవరు?

నా సొంత అనుభవం చెబుతాను. పెళ్లయిన కొత్తలో నేనూ మా ఇంటామె రెండెకరాల ఎర్రచేను కౌలుకు తీసుకున్నాం. గట్టి నేల, వాన పడితే పైన బెరడు కట్టేది. ఊళ్లోని కానుగ, వేప ఆకులు, రోడ్డు పక్క ఊడ్చిన చెత్త, పెంటదిబ్బ ఎరువు కలిపి కుళ్లబెట్టి మూడేళ్లు వరసగా తోలాం. ఏటా జీలుగు చల్లి దున్నాం. మూడో ఏడు నేలలో పార దింపితే వానపాములు కనపడ్డాయి. తడి రెండు రోజులు ఎక్కువ నిలిచింది. నాలుగో ఏడు ఉగాదికి ఆసామి కబురు పంపాడు: "చేను బాగా తేలింది, ఎకరాకు ఐదు వేలు పెంచితే చెయ్యండి, లేకపోతే అడిగేవాళ్లున్నారు." మేం పెంచలేకపోయాం. ఇంకొకరికి ఇచ్చాడు.

ఆ చేను తేల్చింది ఎవరు? ఆకు మోసిన మా ఇద్దరి నడుములు, ఆ ఆకును తిన్న కోటానుకోట్ల బాక్టీరియా. అద్దె పెరిగింది మాత్రం పట్టా ఉన్నవాడికి. అందుకే నేల ఆరోగ్యం గురించి సభల్లో ఉపన్యాసాలు విన్నప్పుడల్లా నాకు ఒకటే అనుమానం వస్తుంది: వచ్చే ఏడు ఈ చేను తనదో కాదో తెలియని మనిషి, మూడేళ్ల తర్వాత ఫలితమిచ్చే ఎరువు ఎందుకు వేస్తాడు? యూరియా వేస్తాడు. అది వారంలో కనపడుతుంది. అది అతని తెలివితక్కువ కాదు, కౌలు కాలం చేసిన పని.

చట్టాల సంగతి చూస్తే నవ్వూ ఏడుపూ వస్తాయి. ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం 1956 నాటిది. దానికి 1974లో తెచ్చిన సవరణలో కౌలు గడువు కనీసం ఆరేళ్లు ఉండాలని రాశారు. అమలు చేయించిన నాథుడు లేడు. 2011 చట్టంలో ఏడాది కార్డు అన్నారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో భూమి యజమాని సంతకంతో పదకొండు నెలల కార్డు అన్నారు. ఆరేళ్ల నుంచి పదకొండు నెలలకు దిగాం. బాక్టీరియాకు ఈ చట్టాలు తెలియవు. వాటి పనికి కావలసిన కాలం వాటికి కావలసిందే.

మనం చేయవలసింది

మన చేతిలో ఉన్న పని ముందు చేద్దాం. ఊళ్లో, రోడ్ల పక్కన రాలే వేప, కానుగ, రావి ఆకు కాల్చకుండా పోగేయాలి. జామాయిల్ ఆకు మాత్రం కలపొద్దు, అది త్వరగా కుళ్లదు, మొలకను కూడా అణుస్తుంది. జానెడు ఎండుటాకు, దాని మీద సగం మందాన జీలుగో గ్లిరిసిడియానో పచ్చి ఆకు, ఆ పైన పేడనీళ్లు, పొరకొక గుప్పెడు అడవి మన్ను. ఇలా నడుమెత్తు కుప్ప వేయాలి. పిడికిట్లో పిండితే తడి తగలాలి, నీరు కారకూడదు. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఆ వేడికే కలుపు విత్తనాలు, చాలా తెగుళ్లు చస్తాయి. రెండు మూడు వారాలకోసారి తిరగేస్తే నాలుగు నెలల్లో నల్లగా, మట్టివాసనతో తయారవుతుంది. నారుమడికి మూడు గంపల మట్టికి ఒక గంప చాలు. అడవి మన్ను తోడుకు గుప్పెడే తీసుకోవాలి, చెట్టు మొదలు బోడిచేయొద్దు.

ఇక అడగవలసినవి. కుళ్లిన ఎరువు తయారీని ప్రభుత్వ ఉపాధి పనుల్లో చేర్చి, మోసిన గంపకు కాక పనిచేసిన రోజుకు కూలి ఇవ్వాలి. ఇంటి అవసరానికి గంపెడు ఆకు తెచ్చుకునే అంచు ఊళ్ల కూలీల మీద కేసులు, మామూళ్లు ఆగాలి. ఎంత తీయాలో, ఎక్కడ తీయకూడదో గ్రామసభ తేల్చాలి. కౌలు గడువు ఆరేళ్లకు తగ్గకుండా అమలుకావాలి. మధ్యలో చేను లాక్కుంటే, నేలను బాగుచేసినందుకు కౌలుదారుకు పరిహారం కట్టించాలి.

ఈ మధ్య మా అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. డెబ్బై దాటిన మనిషి, నడుము వంగిపోయింది. అంతా విని, "అయితే ఆ పురుగులకు కూడా కూలి ఎవరూ ఇవ్వలేదన్న మాట" అంది. తర్వాత కాసేపాగి, "మనకు ఇంత చేను ఉండి ఉంటే ఆ మన్ను మన మడిలోనే పోసుకునేదాన్ని గదరా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.